వరస మనకే... జన్యువుకు లేదు!

బీఎస్సీ జెనెటిక్స్ చదువుతున్న సరిహద్దు తెలుగు బిడ్డలకు ఇంటి నుంచే మొదలవుతున్న పాఠం

పెదనాన్న కొడుకు అన్న. మేనత్త కొడుకు బావ. తెలుగింట పుట్టిన ఐదేళ్ల పిల్లను అడిగినా ఈ తేడా తడుముకోకుండా చెబుతుంది. ఒకరితో పెళ్లి మాటెత్తడమే తప్పు. మరొకరితో పెళ్లి ఉయ్యాల్లో ఉండగానే ఖాయం. అదే పిల్ల పెద్దదై జెనెటిక్స్ పుస్తకం తెరిస్తే మాత్రం బిత్తరపోవాల్సిందే. అందులో ఆ ఇద్దరికీ ఒకటే పేరు... కజిన్. ఇద్దరికీ ఒకటే లెక్క కూడా. ఇద్దరిలో ఎవరితోనైనా ఆమెకు ఉమ్మడిగా ఉండే జన్యువులు సగటున ఎనిమిదింట ఒక వంతు. మనం పెట్టుకున్న వరస జన్యువుకు తెలియదన్నమాట!

కోలారు, చింతామణి, బాగేపల్లి, పావగడ, బళ్లారి, హోసూరు... తరాలుగా తెలుగు మాట్లాడే ఈ ప్రాంతాల నుంచి ఏటా ఎందరో పిల్లలు డిగ్రీ కోసం బెంగళూరు బస్సెక్కుతారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో, కళాశాలలో ఇంగ్లిషు. జీవశాస్త్రం చదివినవారిలో చాలామంది చూపు మొదట నీట్ మీదే ఉంటుంది. సీటు రాకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబుగా కొందరికి ‘జెనెటిక్స్’ అన్న మాట మొదటిసారి చెవిన పడుతుంది. ఇష్టపడి చేరేవారు కొందరు, ఇంకేదీ దొరక్క చేరేవారు మరికొందరు. ఇదీ వాస్తవం. అయితే ఇష్టంగా వచ్చినా, అయిష్టంగా వచ్చినా ఈ చదువు మాత్రం వాళ్ల ఇంటి గడప దాటి లోపలికి వస్తుంది. మిగతా డిగ్రీలకు లేని చిక్కు ఇదే.

ఇంతకీ ఏం చదువుతారు?

కర్ణాటకలో జెనెటిక్స్‌ను చాలాచోట్ల ఒంటరిగా చదవరు. బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం వంటి వాటితో కలిపి ఇస్తారు. ఏ కళాశాలలో ఏ జోడింపు ఉందన్నది ముందే చూసుకోవాలి. 2021-22లో నూతన విద్యా విధానం కింద రెండు ప్రధాన సబ్జెక్టులు, నాలుగేళ్ల ఆనర్స్ పద్ధతి వచ్చింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి మళ్లీ మూడేళ్ల డిగ్రీ, మూడు ప్రధాన సబ్జెక్టుల దారి పట్టింది. అన్నకు ఒక పద్ధతి, తమ్ముడికి మరో పద్ధతి అయిన ఇళ్లూ ఉన్నాయి. పీయూసీలో జీవశాస్త్రం చదివి ఉండాలి. లెక్కలు తప్పనిసరి కాదు కదా అని సంబరపడితే పొరపాటే. జెనెటిక్స్ నిండా సంభావ్యత, గణాంకాలే. చాలామంది తడబడేదీ అక్కడే.

మెండెల్ బఠాణీ మొక్కలతో మొదలవుతుంది. 1866లో అచ్చయిన ఆయన వ్యాసాన్ని లోకం 1900 దాకా పట్టించుకోలేదు. అక్కడి నుంచి క్రోమోజోములు, డీఎన్ఏ, ఉత్పరివర్తనాలు, జనాభా జన్యుశాస్త్రం, మానవ జన్యుశాస్త్రం... చివరి ఏడాదికి జన్యు ఇంజినీరింగు దాకా వెళ్తారు. ప్రయోగశాలలో ఉల్లి వేరు కొనను నలిపి కణవిభజన చూడటం, మిడత వృషణంలో క్షయకరణ విభజన చూడటం మామూలు. అసలు కథ ఈగలది.

ఈగలతో కాపురం

మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగ ఉంది చూశారూ... అదే డ్రోసోఫిలా. ఈ డిగ్రీకి ఇలవేల్పు. దీన్ని పెంచడానికి వండే మేత వంటింటి సరుకే. రవ్వ, బెల్లం, అగర్, కాస్త ఈస్టు, బూజు పట్టకుండా చుక్క ప్రొపియోనిక్ ఆమ్లం. గంజిలా ఉడికించి సీసాల్లో పోసి దూది బిరడా పెడతారు. 25 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి 10 నుంచి 12 రోజులు. అంటే నెల తిరిగేలోపు తాత, తండ్రి, మనవడు మూడు తరాలూ కళ్ల ముందే.

ప్రయోగం చెప్పినంత తేలిక కాదు. సంకరం చేయాలంటే ఇంకా జతకట్టని ఆడ ఈగలు కావాలి. కోశం నుంచి బయటికొచ్చిన 8 గంటల్లోపే వాటిని వేరుచేయాలి. దానికోసం పొద్దున్నే ఆరింటికి ప్రయోగశాల తలుపు తట్టే విద్యార్థులుంటారు. వేసవిలో గది వేడి 30 డిగ్రీలు దాటితే మగ ఈగలు సంతానశక్తి కోల్పోతాయి. కరెంటు పోయిందంటే రెండు వారాల పని గంగపాలు. ఇన్ని తిప్పలు పడి తెల్లకళ్ల ఆడ ఈగను, ఎర్రకళ్ల మగ ఈగను కలిపితే పుట్టే కూతుళ్లన్నీ ఎర్రకళ్లవి, కొడుకులన్నీ తెల్లకళ్లవి! తల్లి లక్షణం కొడుక్కి, తండ్రి లక్షణం కూతురికి. 1910లో మోర్గాన్ ఈ తెల్లకళ్ల ఈగతోనే జన్యువు క్రోమోజోము మీద ఉంటుందని చూపే దారి తెరిచాడు. రకరకాల ఈగల జాతులను కాపాడి సరఫరా చేసే జాతీయ డ్రోసోఫిలా కేంద్రం మన మైసూరు విశ్వవిద్యాలయంలోనే, మానసగంగోత్రి ఆవరణలో ఉంది. కర్ణాటకలో ఈ సబ్జెక్టు ఇంతగా వేళ్లూనుకోవడానికి మైసూరు ఈగల పరిశోధన ఒక కారణమని చెప్పుకోవచ్చు.

‘మేనమామ పోలిక’ అంటుంటారు మన పెద్దలు. ముక్కు, ముఖం సంగతేమో గానీ, కొన్ని జబ్బుల విషయంలో ఆ మాటలో నిజముంది. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా, రంగుల అంధత్వం వంటివి తల్లి ఎక్స్ క్రోమోజోము ద్వారా కొడుక్కి వస్తాయి. తల్లికి జబ్బు ఉండదు, ఆమె అన్నదమ్ములకు ఉంటుంది, మళ్లీ ఆమె కొడుకులో బయటపడుతుంది. ఈగ కన్ను చెప్పిన పాఠమే ఇది.

పట్టు రైతు బిడ్డకు కొత్తేమీ కాదు

శిడ్లఘట్ట, చింతామణి చుట్టుపక్కల తెలుగు రైతు కుటుంబాల్లో పట్టుపురుగుల పెంపకం చూస్తూ పెరిగిన పిల్లలకు జెనెటిక్స్‌లో ఒక అధ్యాయం ముందే వచ్చేసి ఉంటుంది. ప్రతి పంటకూ గుడ్లు బయటి నుంచే తేవాలి. ఇంట్లో గూళ్ల నుంచి వచ్చిన సీతాకోకలతోనే గుడ్లు పెట్టించుకుంటే పోదా అంటే నాన్న ఒప్పుకోడు. ఎందుకో ఆయన పుస్తకం భాషలో చెప్పలేకపోవచ్చు. ‘పంట తేలిపోతుంది’ అంటాడు, అంతే.

కారణం ఇదీ. ఈ ప్రాంతంలో ఎక్కువగా పెంచే సంకర రకానికి తల్లి మైసూరు జాతి, తండ్రి సీఎస్ఆర్2 అనే ద్వివార్షిక జాతి. మైసూరు జాతి మొండిది. ఎండకు, జబ్బుకు తట్టుకుంటుంది గానీ పట్టు తక్కువ. సీఎస్ఆర్2 పట్టు ఎక్కువిస్తుంది గానీ సున్నితం. రెండింటినీ కలిపితే పుట్టే మొదటి తరంలో రెండింటి మంచీ కనిపిస్తుంది. పసుపు గూళ్లు అల్లే పురుగు అదే. దాని పిల్లల్లో, అంటే రెండో తరంలో, గుణాలు చెల్లాచెదురై ఒక్కో పురుగు ఒక్కోలా తయారవుతుంది. మెండెల్ చెప్పిన విడిపోవడం ఇదే. తరగతిలో అందరూ బఠాణీ గింజలు ఊహించుకుంటుంటే శిడ్లఘట్ట పిల్లకు మాత్రం ఇంటి చంద్రికలు కనిపిస్తాయి.

పురుగుల దగ్గర దూరపు రక్తం కలిస్తే బలం అని తెలిసిన ఇంట్లోనే, పిల్ల పెళ్లి దగ్గరికొచ్చేసరికి దగ్గరి రక్తం కావాలనడం... ఈ డిగ్రీ చదివే పిల్లలకు తట్టకమానదు.

అమ్మమ్మను మించిన పుస్తకం లేదు

మానవ జన్యుశాస్త్రం పేపరు వచ్చాక ప్రతి విద్యార్థీ వంశవృక్షం గీయడం నేర్చుకోవాలి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, పెళ్లికి అడ్డగీత. రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత. చాలాచోట్ల సొంత కుటుంబాన్నే గీసి రికార్డులో పెట్టమంటారు. అప్పుడు ఊరికి ఫోన్లు మొదలవుతాయి. నాలుగు తరాల సంగతులు చెప్పగలిగేది అమ్మమ్మో, నాన్నమ్మో. ఎవరు ఎవరికి మేనకోడలు, ఏ కాన్పు నిలవలేదు, ఏ పిల్లాడికి చిన్నప్పట్నుంచీ చెవులు వినపడవు... అన్నీ ఆమె నోటనే ఉంటాయి. ఇంగ్లిషులో ‘అంకుల్’ అని ఊరుకునే చోట తెలుగులో పెదనాన్న, బాబాయి, మేనమామ, మామయ్య అని విడివిడిగా మాటలున్నాయి. వంశవృక్షం గీయడానికి ఇంతకన్నా పనికొచ్చే భాష దొరకదు.

కాగితం మీద ఒకటి, రెండు, మూడు జంట గీతలు పడేసరికి లెక్క మొదలవుతుంది. తల్లి నుంచి వచ్చిన జన్యువు, తండ్రి నుంచి వచ్చిన జన్యువు ఒకే పూర్వీకుడి ప్రతులు అయ్యే అవకాశాన్ని అంతఃప్రజనన గుణకం అంటారు. బావామరదళ్లకు పుట్టిన బిడ్డకు అది 16లో 1. మేనమామ, మేనకోడలికి పుట్టిన బిడ్డకు 8లో 1. ఇంకో చిత్రం... ఎక్స్ క్రోమోజోము వరకే చూస్తే మేనత్త కూతుర్ని చేసుకున్నవాడి కూతురికి ఈ గుణకం సున్న. మేనమామ కూతుర్ని చేసుకుంటే 8లో 1. పరీక్షల్లో పడే లెక్కే ఇది. తెలుగు మరదళ్లిద్దరి మధ్య తేడా ఇంగ్లిషు ‘కజిన్’కు తెలియదు గానీ ఎక్స్ క్రోమోజోముకు తెలుసు.

ఇది మన ఒక్కరి ముచ్చట కాదు. 1980ల్లో బెంగళూరు, మైసూరు ఆసుపత్రుల్లో లక్షకు పైగా కాన్పుల వివరాలు సేకరించిన అధ్యయనంలో మూడింట ఒక వంతు పెళ్లిళ్లు రక్తసంబంధంలోనివేనని తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడింటిలో ఇలాంటి పెళ్లిళ్లు నాలుగింట ఒకటికి మించే ఉన్నాయి.

మరి ప్రమాదం ఎంత? ఇక్కడ భయపెట్టేవారూ, కొట్టిపారేసేవారూ ఇద్దరూ సగమే చెబుతారు. ఏ బంధుత్వమూ లేని దంపతులకు పుట్టే వంద మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో తీవ్రమైన లోపం ఉండొచ్చు. బావామరదళ్ల విషయంలో దానికి మరో రెండు మూడు చేరుతుంది. అంటే వందలో 94, 95 మంది బాగానే ఉంటారు. ‘మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే, అందరం రాళ్లలా ఉన్నాం’ అనే అమ్మమ్మ అబద్ధం చెప్పడం లేదు. ఆమె చూసింది తన ఇంటినే. ఆసుపత్రి చూసేది వేల ఇళ్లను. మేనమామ సంబంధంలో ముప్పు ఇంకాస్త ఎక్కువ. ఇక కుటుంబంలో ఇప్పటికే ఒక బిడ్డకు ఫలానా వంశపారంపర్య జబ్బు ఉందని తేలితే ఈ సగటు లెక్కలు పనికిరావు. అప్పుడు దంపతులిద్దరూ ఆ జన్యువు మోస్తున్నారా లేదా అన్నదే ప్రశ్న. మోస్తుంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం.

అసలు కష్టం లెక్కలో లేదు. ఇంట్లో అక్కకు మేనమామ సంబంధం మాట్లాడుతున్నప్పుడు పంతొమ్మిదేళ్ల చెల్లెలు రికార్డు పుస్తకం పట్టుకుని నోరు విప్పగలదా? విప్పినా ‘చదువుకున్నావని మేనమామనే కాదంటావా’ అన్న మాట పడాలి. ఆస్తి, ఆదరువు, తెలిసిన ఇల్లన్న ధైర్యం... మేనరికం వెనకున్న ఈ కారణాలేవీ జెనెటిక్స్ పుస్తకంలో ఉండవు. పెళ్లి ఆపడం ఒక్కటే దారి కాదని, పెళ్లికి ముందో, బిడ్డ కోసం అనుకునే ముందో సలహా తీసుకుని అవసరమైన పరీక్షలు చేయించుకోవచ్చని చెప్పగలిగితే ఇంట్లో ఆ మాట చెవికెక్కే అవకాశం ఎక్కువ.

కులం లోపలి పెళ్లీ లెక్కలోకే

బంధువుల్లో చేసుకోకపోయినా కులం దాటకుండా వందల ఏళ్లు పెళ్లిళ్లు జరిగితే ఏమవుతుంది? దీనికి పాఠ్యాంశాల్లో తరచూ వచ్చే ఉదాహరణ తెలుగువారిదే. బెంగళూరు, బళ్లారి, చెన్నై బజార్లలో తరాలుగా స్థిరపడ్డ వైశ్య సమాజంలో కొందరికి బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము లోపం ఉంటుంది. రోజూ బతకడానికి దీంతో ఏ ఇబ్బందీ లేదు. ఆపరేషన్ బల్ల మీదే తెలుస్తుంది. కండరాలు సడలడానికి మత్తు డాక్టర్లు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో విరిగిపోవాలి. ఈ లోపం ఉన్నవారిలో గంటల తరబడి విరగదు. అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు, యంత్రం మీద ఉంచాలి. అందుకే ‘మీరు వైశ్యులా’ అని అడిగే మత్తు డాక్టర్లున్నారు. అది కులం ఆరా కాదు, ప్రాణం జాగ్రత్త.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనం దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 సమూహాల్లో, కొద్దిమంది మూలపురుషుల నుంచే జనం పెరిగిన ప్రభావం ఫిన్లాండ్ ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది. పది లక్షలకు మించి జనాభా ఉన్న సమూహాలే వాటిలో 14. కాబట్టి ఒక్క కులాన్ని వేలెత్తి చూపే పని లేదు. ఎవరి గింజ వారి సంచిలో ఉంది.

ఇటు రాయగడ, కొరాపుట్... అటు సిరోంచ

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దుల్లో కథ వేరు. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ, గడ్చిరోలి జిల్లా సిరోంచ పరిసరాల్లోనూ కొడవలి కణ రక్తహీనత గిరిజన కుటుంబాలను, మరికొన్ని వర్గాలను పీడిస్తోంది. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. భరించలేని ఒళ్లునొప్పులు, రక్తహీనత. తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో దెబ్బతిన్న జన్యువు ఉంటే వాళ్లకు జబ్బు ఉండదు. ఆ ఇద్దరికీ పెళ్లయితేనే చిక్కు. 2047 నాటికి దీన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని కేంద్రం 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, ఫలితంతో కార్డు ఇవ్వాలన్నది లక్ష్యం.

కార్డు ఇస్తే సరిపోదు. ‘నాలుగింట ఒకటి’ అంటే మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని అనుకునేవారు ఎందరో. ప్రతి కాన్పుకూ పాచిక కొత్తగానే పడుతుందని ఒడియాలో, తెలుగులో, మరాఠీలో, కోయలో కూర్చోబెట్టి చెప్పేవారు కావాలి. మూడు భాషలు నోట ఆడే సరిహద్దు పిల్లలకు జెనెటిక్స్ డిగ్రీ తోడైతే విలువ పెరిగేది ఇలాంటి చోటే.

యానాం పాఠకులకు ఇక్కడో కొసరు. ప్రపంచంలోనే పేరుమోసిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ 1957లో బ్రిటన్ వదిలి భారత్ వచ్చేశాడు. 1962 నుంచి భువనేశ్వర్‌లో ఉన్నాడు. తలసీమియా జన్యువు మోసేవారిని మలేరియా అంతగా బాధించదేమోనని 1949లోనే ఊహించింది ఆయనే. 1964 డిసెంబరు 1న కన్నుమూశాక, కోరిక మేరకు ఆయన భౌతికకాయాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం పంపింది ఎక్కడికో తెలుసా? యానాం పక్కనే ఉన్న కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు! ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణ పిఠాపురం వాడే. ఆంధ్ర మేనరికాలపై మీరాఖాన్‌తో కలిసి 1960లోనే పరిశోధనా వ్యాసం రాశాడు.

ఉద్యోగం మాటేంటి?

సూటిగా చెప్పాలంటే, బీఎస్సీ ఒక్కదానితో వచ్చే ఉద్యోగాలు కొద్ది. ప్రయోగశాలలో సహాయకులు, విత్తన కంపెనీల్లో క్షేత్ర సిబ్బంది, ఔషధ సంస్థల్లో నాణ్యతా విభాగం... జీతం పెద్దగా ఉండదు. ఎమ్మెస్సీ దాకా వెళ్లగలం అనుకున్నవారే ఈ దారి పట్టడం మేలు. ఐఐటీల జామ్, బయోటెక్నాలజీకి గాట్-బి, కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ పరీక్షలున్నాయి. ఉస్మానియాలో జెనెటిక్స్ విభాగం, విశాఖ ఆంధ్ర విశ్వకళాపరిషత్‌లో మానవ జన్యుశాస్త్ర విభాగం, చెన్నై తరమణిలో మద్రాసు విశ్వవిద్యాలయం జెనెటిక్స్ విభాగం పేరున్నవి.

కొత్తగా తెరుచుకుంటున్న దారి జన్యు సలహాదారు పని. వీరు డాక్టర్లు కారు. వంశవృక్షం గీసి, పరీక్షల ఫలితం అర్థమయ్యేలా చెప్పి, నిర్ణయం కుటుంబానికే వదిలేస్తారు. మణిపాల్ వంటి చోట్ల ఇందులో పీజీ ఉంది. ఇలాంటి కేంద్రాలు 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద నమోదు కావాలి. పుట్టేది ఆడో మగో చెప్పడం నేరం. బెంగళూరు ఆసుపత్రులకు అనంతపురం, చిత్తూరు నుంచి, వేలూరు సీఎంసీకి ఇటు ఆంధ్ర నుంచి, అటు తమిళనాడు తెలుగు పల్లెల నుంచి రోగులు వస్తూనే ఉంటారు. ‘ఆటోసోమల్ రిసెసివ్’ అన్న మాటను ఒక తల్లికి తెలుగులో విప్పి చెప్పగలిగేవారు ఆ వరండాల్లో ఎంతమంది?

చేరాలనుకునేవారు పీయూసీ ఫలితాలు రాగానే కళాశాలకు ఒకసారి స్వయంగా వెళ్లి చూడటం మంచిది. జెనెటిక్స్‌కు సొంత అధ్యాపకులున్నారా, ఇతర విభాగాల వారే చెబుతున్నారా అడగాలి. ప్రయోగశాలలో ఈగల సీసాలున్నాయో లేదో చూడాలి. సీసాలు ఖాళీగా, దుమ్ము పట్టి ఉంటే పక్క కళాశాల గేటు వైపు నడవడమే.